మాది ఎడారి ఊరా?

మొన్న హాస్టల్‌లో నా ఫోన్‌లో ఒక ఫోటో చూసి మన క్లాసమ్మాయి అడిగింది, "ఏందే, మీది రాజస్థానా?" అని. అది మే నెలలో తీసిన ప్రాణహిత నది. కనుచూపు మేర ఇసుక, దూరంగా సన్నని నీటి చార, ఆ ఎండకు ఒక్క మనిషి లేడు. ఎడారి అనుకోవడంలో ఆమె తప్పేం లేదు. "కాదు, సిరోంచ" అంటే "అదెక్కడ?" అని ఇంకో ప్రశ్న. ఎప్పుడూ సగం చెప్పి ఊరుకుంటాను, ఈసారి గోడపత్రికలో మొత్తం రాస్తున్నా.

సిరోంచ మహారాష్ట్రలో ఉంది. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న తాలూకా. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత అవుతుంది. అది మా ఊరి పక్క నుంచి పోయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాళేశ్వరం మీకందరికీ తెలుసు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. దాని అవతలి ఒడ్డు మాది. ఇంకా కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది, అది దాటితే ఛత్తీస్‌గఢ్. ఇటు నదులు, అటు టేకు అడవి. ఇన్ని నీళ్ళున్న చోటును ఎడారి అనడం అన్యాయమే గానీ, దూరం విషయానికొస్తే ఆ మాట కొంచెం సరిపోతుంది. మా జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైనే. ఎర్ర ఎస్టీ బస్సెక్కి ఆలాపల్లి అడవి దారిన పోవాలి. ఒక్క సంతకం కోసం పొద్దున బయల్దేరితే ఆ రాత్రికి ఇల్లు చేరడం అదృష్టం.

ఎప్పుడూ ఇట్లా మూలన పడి ఉన్న ఊరు కాదిది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చాక, అప్పర్ గోదావరి అనే జిల్లా ఏర్పడింది. దానికి కేంద్రం సిరోంచే. భద్రాచలం కూడా ఆ జిల్లాలోదే! అప్పట్లో వార్ధా వైపు పత్తిని పడవల మీద గోదావరి గుండా సముద్రం దాకా దించాలని కాటన్ దొర ఆలోచన. నదిలో రాళ్ళు అడ్డమున్న మూడు చోట్ల, దుమ్ముగూడెం, ఇచ్ఛంపల్లి, దేవలమర్రి దగ్గర, పనులు తలపెట్టారు. 1871లో ఆ పని ఆపేశారు. 1874లో జిల్లానే తీసేసి భద్రాచలాన్ని మద్రాసు వైపు, మమ్మల్ని చాందా వైపు కలిపారు. భద్రాచలం మీ పుస్తకాల్లోకి వచ్చింది, మేం రాలేదు.

ఇంక భాష సంగతి. బజార్లో, పొలంలో, పెళ్ళిలో తెలుగే. గోండులు, మాడియాల భాషలు వేరే ఉన్నాయి. బడి మాత్రం మరాఠీ. మా అమ్మది చంద్రపూర్ వైపు మరాఠీ ఇల్లు, నాన్నది సిరోంచ. అమ్మ మరాఠీలో అడుగుతుంది, నాన్న తెలుగులో జవాబిస్తాడు. కూరలో కారం గురించి మాత్రం ఇద్దరూ తెలుగులోనే పోట్లాడుకుంటారు. నాకు తెలుగు అక్షరాలు నాన్న గోడ క్యాలెండర్ చూపించి నేర్పాడు. కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు వర్జ్యం, దుర్ముహూర్తం. ఫస్టియర్‌లో మేడం "కాదంబరి" అంటే నేను "ఏ కాదంబరి మేడం?" అని అడిగాను, అందరూ నవ్వారు. మరాఠీలో ఏ నవలనైనా కాదంబరే అంటారు, బాణుడి పుస్తకం పేరే అట్లా మామూలు మాటైపోయింది. అట్లాగే మాకు దాఖలా అంటే సర్టిఫికెట్. ఇక్కడ "దాఖలాలు లేవు" అని పేపర్లో చదివితే, పాపం ఎవరికో సర్టిఫికెట్ రాలేదనుకునేదాన్ని.

నవ్వొచ్చే సంగతి అంతవరకే. నేను పుట్టింది ఇవతలి ఒడ్డున. అప్పుడు బ్రిడ్జి లేదు. ఎండాకాలం ఇసుకలో నడిచి, వానాకాలం నావ మీద దాటేవాళ్ళు. నిండు వానల్లో అమ్మను నావలో దాటించి ఆస్పత్రికి తెచ్చారట. అందుకే నా పుట్టిన కాగితం తెలుగులో ఉంది, మిగతా కాగితాలన్నీ మరాఠీలో. కాలేజీలో చేరేటప్పుడు మాత్రం నా పేరు పక్కన "నాన్ లోకల్" అని రాశారు. రూల్ అట్లా ఉంది మరి. 371-డి కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం స్థానికత అనేది ఎక్కడ పుట్టామన్నదాన్ని బట్టి కాదు, ఎక్కడ ఎన్నేళ్ళు చదివామన్నదాన్ని బట్టి. మా అక్కది ఇంకో రకం చిక్కు. చెన్నూరు ఇచ్చాం. తాతల కాలం నుంచీ నది అటూ ఇటూ పిల్లను ఇచ్చిపుచ్చుకుంటున్నవాళ్ళమే. కానీ కులం దాఖలా పెళ్ళితో పాటు నది దాటదు. పుట్టింటి రాష్ట్రానిది అత్తగారి రాష్ట్రంలో రిజర్వేషన్‌కు చెల్లదు. ఉద్యోగానికి అప్లై చేసేదాకా అక్కకు ఆ సంగతి తెలియదు.

ఎడారి అనే మాట దగ్గరికే మళ్ళీ వస్తాను. 2022 ఏప్రిల్‌లో మా దగ్గర ప్రాణహిత పుష్కరాలు జరిగాయి, పన్నెండు రోజులు ఎక్కడెక్కడి జనమో వచ్చారు. అదే ఏడు జూలైలో వరద. ఏటి ఒడ్డున మా పెదనాన్న పత్తి చేను మునిగింది. నీళ్ళు తీశాక చూస్తే నల్లరేగడి కనిపించలేదు, మోకాలి లోతు ఇసుక మేట. ట్రాక్టర్లు పెట్టి ఎత్తిపోయాలంటే చేను అమ్మినంత ఖర్చు. సాత్ బారా కాగితంలో (మీ పహాణీ లాంటిదే) ఇప్పటికీ అది సాగు భూమే. మా ఊళ్ళో నిజంగా ఎడారి ఉందంటే అది ఆ రెండెకరాలే. పోయిన ఎండాకాలం పెదనాన్న ఆ ఇసుకలోనే గుంతలు తీసి, ఎరువు నింపి, పుచ్చ విత్తనాలు పెట్టాడు. సగం మొలిచాయి. మొదటి కాయలు అక్కకని బ్రిడ్జి దాటించి చెన్నూరు పంపాడు.