ఇసుకలో ఆట - ఇంటిలో చేసిన కర్ర

బిళ్ళంగోడు ఆట పేరు మీరు వినే ఉంటారు. కొన్ని ప్రాంతాలలో దీనినే చిర్రగోనె అంటారు. ఎప్పుడూ ఆడనివారు మీ తాతగారిని అడగండి, ఉత్సాహంగా చెబుతారు. ఈ ఆటకు కావలసిన కర్రను ఎవరూ అంగడిలో కొనరు. ఏ వేపకొమ్మనో తుమ్మకొమ్మనో తెచ్చి పిల్లలే చెక్కుకుంటారు. కర్ర పొడవైతే దెబ్బ గట్టిగా తగులుతుంది, కాని గురి తప్పుతుంది. పొట్టిదైతే గురి కుదురుతుంది, కాని బిళ్ళ దూరం పోదు. రెండు మూడు కర్రలు చెక్కి చూచిన తరువాత గాని తన చేతికి తగినది ఏదో పిల్లవానికి తెలియదు. తగిన కర్ర దొరకడం ఆటలో సగం. తక్కిన సగం సాధన.

ఈ మాట గోల్ఫ్ అనే ఆటకు కూడా వర్తిస్తుంది. గోల్ఫ్ స్కాట్లాండ్ దేశంలో పెరిగి పెద్దదైన ఆట. బ్రిటిషువారితో పాటు అది మన దేశానికీ వచ్చింది. 1829లోనే కలకత్తాలో గోల్ఫ్ సంఘం ఏర్పడింది. మన విశాఖపట్నంలోనూ సముద్రానికి దగ్గరగా పాత గోల్ఫ్ మైదానం ఒకటి ఉన్నది.

ఈ ఆటలో చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన ఉన్న గుంటలో పడవేయాలి. బంతి బరువు 46 గ్రాములకు మించదు. గుంట వెడల్పు 11 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. పూర్తి ఆటలో ఇటువంటి గుంటలు 18 ఉంటాయి. అన్ని గుంటలకూ కలిపి ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వారే గెలిచినట్లు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కర్ర కావాలి. దూరం కొట్టడానికి ఒకటి, ఎత్తుగా లేపడానికి ఒకటి, గుంట దగ్గర నేలమీద మెల్లగా దొర్లించడానికి ఒకటి. ఒక ఆటగాడు 14 కర్రల వరకు వెంట ఉంచుకోవచ్చు. ప్రతి కర్రకు పిడి, కాడ, తల అని మూడు భాగాలు ఉంటాయి. బంతికి తగిలేది తల.

గోల్ఫ్ మైదానం అనగానే పచ్చని గడ్డి గుర్తుకు వస్తుంది. మరి గడ్డి మొలవని చోట ఈ ఆట ఆడడం ఎలా? ఈ ప్రశ్నకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశం మంచి జవాబు చెప్పింది.

ఈ దేశం 1971 డిసెంబరు 2న ఏర్పడింది. దీని నేలలో ఎక్కువ భాగం ఎడారి. వేసవి పగటివేళ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాన చాలా తక్కువ. అయినా అక్కడ ఉద్యోగాలకు వచ్చినవారిలో గోల్ఫ్ మీద మక్కువ గలవారు ఊరుకోలేదు. ఇసుకమీదనే ఆడారు. దుబాయ్‌లోని కంట్రీ క్లబ్ మైదానం అటువంటిదే. 1970ల తొలినాళ్ళ నుండి 2007లో మూతపడేవరకు అక్కడ ఇసుకమీదనే ఆట సాగింది.

ఇసుక మైదానంలో ఆట తీరు వేరు. గుంట చుట్టూ పచ్చిక ఉండవలసిన చోట నూనె కలిపిన ఇసుకను పరచి చదును చేస్తారు. నూనె తగిలిన ఇసుక గాలికి ఎగిరిపోదు. దానిమీద బంతి చక్కగా దొర్లుతుంది. గోధుమరంగులో ఉంటుంది కనుక ఈ చదును నేలను ‘బ్రౌన్’ అంటారు. ఆట ముగించి వెళ్ళేవారు తమ అడుగుల గుర్తులు పోయేటట్లు దానిని చదును చేసి వెళ్ళాలి. తరువాత వచ్చేవారికి మంచి నేల మిగల్చడం మర్యాద. ఇక ఆటగాళ్ళు కృత్రిమ పచ్చిక ముక్కను ఒకదానిని వెంట తీసుకొనిపోతారు. బంతి సరైన దారిలో పడితే, దానిని ఆ ముక్కమీద పెట్టుకొని కొట్టవచ్చు. దారి తప్పి పడితే మాత్రం ఇసుకలో ఉన్న బంతిని ఉన్నట్లే కొట్టాలి. అక్కడే అసలు చిక్కు.

ఇసుకలో కొట్టడం ఎందుకు కష్టం? కర్ర తల అంచు పదునుగా ఉంటే అది పార వలె ఇసుకలోకి దిగిపోతుంది. దెబ్బలోని బలమంతా ఇసుకను తవ్వడానికే సరిపోతుంది. బంతి ఉన్నచోటనే ఉంటుంది. ఈ సంగతి మీరే పరీక్షించవచ్చు. కొంచెం ఇసుకను పళ్ళెంలో పోయండి. అట్లకాడ అంచును ఏటవాలుగా ఆనించి ముందుకు నెట్టండి. అది ఇసుకలోకి దిగుతుంది. తరువాత ఒక గరిటెను తీసుకొని, దాని గుండ్రని వీపును ఇసుకకు ఆనించి నెట్టండి. అది దిగదు, పైపైన జారిపోతుంది. ఈ చిన్న భేదమే ఒక ఆటగాని పేరు నిలిపింది.

ఆయన పేరు జీన్ సారజెన్. అమెరికాలో ఒక వడ్రంగి ఇంట 1902లో పుట్టాడు. అప్పటికే పేరు పొందిన ఆటగాడైనా, ఇసుక గుంటలో బంతి పడితే ఆయనకు తలనొప్పిగానే ఉండేది. ఒకసారి విమానంలో పోతున్నప్పుడు ఒక విషయం గమనించానని ఆయన తరువాత చెప్పుకున్నాడు. విమానం తోక కిందికి దిగినప్పుడు ముక్కు పైకి లేచింది. కర్ర తల వెనుక భాగాన్ని కూడా అలాగే కిందికి దించితే, ముందు అంచు ఇసుకలోకి దిగకుండా పైకి లేస్తుంది కదా అని ఆయనకు తోచింది. ఫ్లారిడాలోని తన ఇంటివద్ద పాత కర్ర ఒకటి తీసుకొని, దాని తల అడుగున టంకం వేసి మందం పెంచాడు. ఇసుకలో కొట్టి చూశాడు. కుదరకపోతే కొంత అరగదీశాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టంకం వేశాడు. ఇలా ఎన్నో గంటలు సాధన చేసిన తరువాత కర్ర ఆయన చెప్పినట్లు విన్నది. ఆ కర్రతో 1932లో బ్రిటిష్ ఓపెన్ పోటీకి వెళ్ళి గెలిచాడు. నేడు గోల్ఫ్ ఆటగాళ్ళ సంచులలో కనిపించే ‘శాండ్ వెడ్జ్’ అనే ఇసుక కర్ర ఆ కర్రకు వారసురాలే.

ఈ కర్రతో ఆడేవారు బంతిని నేరుగా కొట్టరు. బంతికి సుమారు 5 సెంటీమీటర్ల వెనుక ఇసుకను కొడతారు. కర్ర ఇసుకలో పైపైన జారుతూ బంతి కిందుగా పోతుంది. లేచిన ఇసుకే బంతిని ఎత్తి బయట పడవేస్తుంది.

సారజెన్ ఆటే జీవనంగా గలవాడు. అభిరుచితో ఆడే సామాన్యులు కూడా ఇటువంటి పని చేయగలరా? చేయగలరనడానికి కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఉదాహరణ. ఆయన నార్వేలో 1911లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరాడు. మొదట చెప్పులు కుట్టే పని చేశాడు. తరువాత ఇంజినీరు అయ్యాడు. గోల్ఫ్ మొదలు పెట్టేసరికి ఆయన వయస్సు 40 దాటింది. అన్నిటికంటే ఆయనకు కష్టమైనది గుంట దగ్గర బంతిని దొర్లించడం. ఆ పనికి వాడే కర్రను ‘పట్టర్’ అంటారు. బంతి తల నడిమికి తగిలితే నేరుగా పోతుంది. కొంచెం పక్కకు తగిలితే కర్ర తల చేతిలో తిరిగిపోతుంది, బంతి దారి తప్పుతుంది.

ఇక్కడ కావడిని ఒకసారి తలచుకోండి. ఉత్త కావడిబద్దను భుజంమీద ఇటూ అటూ సులభంగా తిప్పవచ్చు. రెండు చివరలా నీళ్ళ కడవలు కట్టిన తరువాత తిప్పి చూడండి, ఎంతో బలం కావాలి. బరువు నడుమ నుండి ఎంత దూరంగా ఉంటే వస్తువు తిరగడం అంత కష్టం. సోల్‌హైమ్ పట్టుకున్న సూత్రం ఇదే. కర్ర తల నడుమ బరువు తగ్గించి, రెండు చివరలకు చేర్చితే, బంతి పక్కకు తగిలినా తల అంతగా తిరగదు అని ఆయన ఆలోచించాడు. మొదటి నమూనాను పంచదార బిళ్ళలతో, ఐస్‌పుల్లలతో తయారు చేశాడు. తరువాత 1959లో తన ఇంటి కారుషెడ్డులో లోహంతో కర్ర చేశాడు. దానితో బంతిని కొడితే ‘పింగ్’ అని శబ్దం వచ్చింది. ఆ శబ్దమే దాని పేరయింది. కొన్నేళ్ళ తరువాత ఉద్యోగం మాని, కర్రల తయారీనే వృత్తిగా చేసుకున్నాడు.

టంకం, లోహం, పనిముట్లు ఉన్నవారు ప్రయోగాలు చేయగలరు, ఏమీ లేనివారి మాటేమిటి అని మీరు అడగవచ్చు. స్పెయిన్ దేశపు ఉత్తర తీరాన పెద్రేన్యా అనే ఊరిలో 1957లో పుట్టిన సెవెరియానో బాలెస్టెరోస్ కథ వినండి. ఊరిలో గోల్ఫ్ మైదానం ఉన్నది, కాని సంచులు మోసే పిల్లలకు అందులో ఆడే అనుమతి లేదు. కర్ర కొనే స్తోమత లేదు. ఆ బాలునికి ఒక పాత కర్ర తల మాత్రం దొరికింది. దానికి తానే పుల్లలు చెక్కి కాడగా బిగించుకున్నాడు. పారకు కామ బిగించడం చూచినవారికి ఇది ఎంత ఓపిక గల పనో తెలుస్తుంది. బంతులు లేకపోతే సముద్రపు ఒడ్డున గులకరాళ్ళను కొట్టాడు. తరువాత అన్న ఇచ్చిన ఒక్క కర్రతోనే ఆ ఇసుకలో గంటల తరబడి సాధన చేశాడు. ఇతరులు ఐదారు కర్రలతో చేసే పనిని ఆ ఒక్కదానితో చేయడం నేర్చుకున్నాడు. 1979లో, 22 ఏళ్ళ వయస్సులో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు.

ఈ లోగా ఎమిరేట్స్‌లోనూ మార్పు వచ్చింది. 1988లో దుబాయ్‌లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ తెరిచారు. ఎడారి నడుమ, నిత్యం నీరు పెట్టి పెంచిన గడ్డి మైదానం అది. మరుసటి ఏడు అక్కడ ‘డెజర్ట్ క్లాసిక్’ అనే పోటీ మొదలైంది. 1992లో ఆ పోటీ గెలిచినవాడు ఎవరనుకున్నారు? సముద్రపు ఇసుకలో పుల్ల కర్రతో ఆట నేర్చుకున్న ఆ బాలెస్టెరోస్!

ఇప్పుడు ఎమిరేట్స్‌లో పచ్చిక మైదానాలు అనేకం ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ తీరికవేళలో ఆడేవారు తెల్లవారుజామున గాని, దీపాలు ఉన్నచోట రాత్రి గాని సాధన చేస్తారు. వారిలో కొందరు ఇంటివద్ద తమ కర్రలను సవరించి చూస్తారు. తలకు సన్నని సీసపు పట్టీ అంటించి బరువు పెంచుతారు. కాడను కొంచెం కత్తిరించి పొట్టి చేస్తారు. పిడికి కొత్త తొడుగు వేస్తారు. ఇవన్నీ ఒకేరోజు చేస్తే లాభం లేదు. బంతి దూరం పోయిందనుకోండి, అది బరువు వల్లనా, పొడవు వల్లనా, పిడి వల్లనా? చెప్పలేము. అందుచేత తెలిసినవారు ఒకసారి ఒక్కటే మారుస్తారు. మార్చకముందు 20 బంతులు, మార్చిన తరువాత 20 బంతులు కొడతారు. ఏది ఎక్కడ పడిందో పుస్తకంలో వ్రాసుకుంటారు. ఒక్క మంచి దెబ్బ చూచి పొంగిపోరు, ఒక్క చెడ్డ దెబ్బ చూచి కర్రను పారవేయరు. నియమాలను కూడా పాటిస్తారు. ఇంటివద్ద ఎన్ని ప్రయోగాలైనా చేయవచ్చు గాని, పోటీ నడుమ కర్రను మార్చి సవరించరాదు.

ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేసేది కూడా ఇదే. సందేహం కలగాలి, ఊహ చేయాలి, ఒక్క మార్పు చేసి పలుమార్లు పరీక్షించాలి, ఫలితాన్ని ఉన్నదున్నట్లు వ్రాసుకోవాలి. ఇసుక ఉన్నదని ఆట మానుకోనివారు, కర్ర లేదని కూర్చోనివారు మనకు నేర్పే పాఠం ఇది. మీ చేతిలో ఉన్నది బిళ్ళంగోడు కర్ర కావచ్చు, క్రికెట్ బ్యాటు కావచ్చు, గాలిపటం కావచ్చు. అది సరిగా పనిచేయకపోతే వెంటనే కొత్తది అడగకండి. ఎందుకు పనిచేయలేదో ముందు అడగండి.

ప్రశ్నలు

1. ఇసుక మైదానంలో ‘బ్రౌన్’ను ఎలా తయారు చేస్తారు? నూనె ఎందుకు కలుపుతారు?
2. సారజెన్ తన కర్రకు చేసిన మార్పు ఏమిటి? దానివలన ఇసుకలో కలిగిన లాభమేమి?
3. కావడికి, సోల్‌హైమ్ చేసిన కర్రకు ఉన్న పోలికను మీ సొంత మాటలలో వ్రాయండి.
4. ఒకసారి ఒక్కటే ఎందుకు మార్చాలి? గాలిపటాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించండి.