స్ట్రీమ్‌ఫ్లేషన్

ఓటీటీ చందాలు ఏటికేడు పెరిగిపోవడాన్ని స్ట్రీమ్‌ఫ్లేషన్ అంటున్నారు. స్ట్రీమింగ్, ఇన్‌ఫ్లేషన్ కలిసి పుట్టిన మాట ఇది. చందా పెంచకుండా పాత ప్లాన్‌లోకే ప్రకటనలు చొప్పించినా ప్రేక్షకుడికి భారం పెరిగినట్లే.

అమెరికాలో 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు చందా నెలకు 6.99 డాలర్లు. ప్రకటనలు లేని ప్లాన్ 2025 అక్టోబరుకు 18.99 డాలర్లయింది. తొలినాళ్లలో ఓటీటీ సంస్థలు నష్టాలకు ఓర్చి చందాదారులను పోగేశాయి. 2022 తొలి త్రైమాసికంలో నెట్‌ఫ్లిక్స్ సుమారు 2 లక్షల మందిని కోల్పోవడంతో మదుపరుల ధోరణి మారింది. ఎంతమంది చేరారన్నది పక్కనపెట్టి, లాభమెంత అని అడగసాగారు. ఆ ఏడాది నవంబరులోనే నెట్‌ఫ్లిక్స్ ప్రకటనలతో చౌక ప్లాన్ తెచ్చింది, తర్వాత పాస్‌వర్డ్ పంపకాన్ని కట్టడి చేసింది. చౌక ప్లాన్‌తో చందా, ప్రకటనల సొమ్ము రెండూ వస్తాయి.

మన దేశంలో ప్రైమ్ వీడియో 2025 జూన్ 17 నుంచి ప్రకటనలు మొదలుపెట్టింది. ప్రైమ్ సభ్యత్వానికి ఏటా 1,499 రూపాయలు కట్టేవారు సైతం అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699, లేదా నెలకు 129 రూపాయలు చెల్లించాలి. టికెట్ కొని లోపలికెళ్లాక కుర్చీకి వేరే రుసుము అడిగినట్లుందన్నది చందాదారుల కోపం.

పైగా తెలుగు సినిమాల హక్కులు తలో ఓటీటీకి పోతుండటంతో అన్నీ చూడాలంటే ఒక్క చందా చాలదు. అందుకే కావాల్సిన సినిమా వచ్చిన నెలకే చందా కట్టి, ఆటో రెన్యువల్ ఆపేసే ప్రేక్షకులూ ఉన్నారు.