ఫోటోలో ఒక్క చోటే మార్పు: మాస్క్ ఎలా పనిచేస్తుంది?

మిట్టమధ్యాహ్నం చెట్టు నీడలో నిలబడిన మనిషిని ఫోటో తీస్తే సాధారణంగా ఏదో ఒకటి పాడవుతుంది. ముఖం స్పష్టంగా వస్తే వెనక ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది. ఆకాశం నీలంగా వస్తే ముఖం చీకట్లో మునిగిపోతుంది. ఆ చీకటి ఫోటోకు వెలుగు పెంచితే ముఖంతో పాటు ఆకాశమూ తెల్లబడుతుంది. ముఖానికి మాత్రమే వెలుగు పెంచి, ఆకాశాన్ని ఉన్నదున్నట్టు ఉంచడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడే ఉపాయమే మాస్క్.

ఈ పని కంప్యూటర్‌తో మొదలైంది కాదు. ఫిల్మ్ రోజుల్లో, డార్క్‌రూమ్‌లో నెగెటివ్ గుండా కాగితం మీద కాంతి పడుతున్నప్పుడు, సన్నని తీగకు అతికించిన అట్టముక్కను ముఖం ఉన్న చోటికి అడ్డం పెట్టేవారు. కాంతి తక్కువ తగిలిన చోటు ప్రింట్‌లో తేలికపడుతుంది. దీన్ని డాడ్జింగ్ అంటారు. ఒకచోట ఎక్కువసేపు కాంతి పడనిచ్చి నలుపు పెంచడం బర్నింగ్. అట్టను కదలకుండా పట్టుకుంటే దాని అంచు గీతలా పడిపోతుంది, అందుకే చేతిని ఆడిస్తూనే ఉండాలి. ఫోటోషాప్‌లో డాడ్జ్ పరికరానికి గుర్తు ఇప్పటికీ ఆ గుండ్రటి అట్టముక్కే!

డిజిటల్ మాస్క్ అంటే అసలు ఫోటో కొలతలతోనే ఉండే మరో బొమ్మ. అందులో రంగులుండవు. మామూలు 8 బిట్ల ఫోటోలో మాస్క్‌లోని ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య ఉంటుంది. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. తెల్లగా ఉన్నచోట మనం చేసిన మార్పు పూర్తిగా కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట అసలు కనిపించదు, బూడిద రంగు ఉన్నచోట కొంతమేరకే కనిపిస్తుంది. ముఖం మీద ఒక పిక్సెల్ వెలుగు విలువ 60, సవరించాక 160 అనుకుందాం. మాస్క్ విలువ 255 అయితే ఫలితం 160, సున్నా అయితే 60, 128 అయితే దాదాపు 110. ఇంతే లెక్క. దాన్నే కంప్యూటర్ లక్షల పిక్సెళ్లకు విడివిడిగా చేస్తుంది. అసలు పిక్సెళ్లు చెరిగిపోవు కనుక, పొరపాటున పూసిన చోట నల్ల బ్రష్‌తో మళ్లీ పూస్తే చాలు.

కష్టమంతా అంచుల దగ్గరే. ఒక వెంట్రుక పిక్సెల్‌లో కొంత భాగాన్నే ఆక్రమించవచ్చు, మిగతాది ఆకాశం. అక్కడ పూర్తి తెలుపూ పూర్తి నలుపూ రెండూ తప్పే. మధ్యస్థ విలువే సరైనది. అంచును మెత్తబరిచే ఫెదర్ అందుకే ఉంది, కానీ అది మితిమీరితే తల చుట్టూ దేవుడి పటాల్లోని కాంతివలయం లాంటిది తేలుతుంది. కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనిపించే ఫోటోల్లో బ్రష్ పట్టకపోవడమే మేలు. ఫోటోలోని వెలుగునే మాస్క్‌గా మార్చుకుంటే ఆకాశం దానంతటదే తెల్లగా, ఆకులు నల్లగా విడిపోతాయి.

ఇప్పుడు ముఖాన్నో ఆకాశాన్నో సాఫ్ట్‌వేరే గుర్తిస్తోంది. 2023లో మెటా సంస్థ విడుదల చేసిన ‘సెగ్మెంట్ ఎనీథింగ్’ నమూనాకు సుమారు 1.1 కోట్ల చిత్రాలతో, 100 కోట్లకు పైగా మాస్క్‌లతో శిక్షణ ఇచ్చారు. అయినా ఫోటోను పెద్దది చేసి అంచులు చూసుకోవడం తప్పదు. ఇంకో సంగతి, ఆకాశం అప్పటికే 255 దగ్గర తెల్లబడిపోతే ఏ మాస్కూ మబ్బుల్ని తిరిగి తేలేదు. లేని సమాచారాన్ని లెక్కతో రప్పించలేం.

ఇదే పరికరం ప్రయోగశాల చిత్రాల దగ్గరకొచ్చేసరికి నిషిద్ధం. ప్రొటీన్ల పరీక్షలో కనిపించే నల్లటి పట్టీ ముదురుదనమే అక్కడ ఎంత ప్రొటీన్ ఉందో చెబుతుంది. ఒక్క పట్టీకి మాస్క్ వేసి వెలుగు పెంచితే కొలతనే మార్చినట్టు. చిత్రం మొత్తానికి ఒకేలా వెలుగు సవరించవచ్చు, ఒక భాగాన్ని ప్రత్యేకంగా మార్చకూడదన్నది ‘జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ’ నియమం. ప్రచురణకు అంగీకరించిన వ్యాసాల్లోని చిత్రాలను ఆ పత్రిక 2002 నుంచే తనిఖీ చేస్తోంది. అందుకు వాడిన పద్ధతి చాలా మామూలుది: చిత్రం కాంట్రాస్ట్‌ను బాగా పెంచి చూడటం. ఎవరైనా బ్రష్ ఆడించి ఉంటే, కంటికి ఆనని ఆ అంచులు అప్పుడు బయటపడతాయి.