దిక్కు చూసి వినే చెవులు

బత్తలపల్లె నుంచి ధర్మవరం వచ్చి బెంగళూరు రైలెక్కితే, పెనుకొండ, హిందూపురం దాటాక గౌరిబిదనూరు. కర్ణాటకలోకి అడుగుపెట్టినా తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఆ చుట్టుపక్కల గట్టి రాతినేలలో 1965లో భాభా అణు పరిశోధన కేంద్రం, బ్రిటన్ అణుశక్తి సంస్థ సహకారంతో, 20 భూకంప మాపకాలను ఎల్ ఆకారంలో అమర్చింది. ఎక్కడో దూరదేశంలో భూగర్భ అణుపరీక్ష జరిగితే పసిగట్టడం వాటి పని.

ఒక్క మాపకమే ఉంటే ఆ సన్నని అదురు గాలి, లారీల అదురులో కలిసిపోతుంది. ఇరవై ఉంటే సంగతి వేరు. అల వచ్చే దిక్కున ఉన్నదానికి ముందు తగులుతుంది, అవతలిదానికి ఆలస్యంగా. ఆ ఆలస్యాలు సరిచేసి అన్ని రికార్డులనూ కూడితే కావలసిన అల బలపడుతుంది. తలోదిక్కు నుంచి వచ్చిన రొద ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటుంది. బీమ్‌ఫార్మింగ్ అంటే ఇదే. మాపకాలను కదపక్కర్లేదు, ఆలస్యాల లెక్క మారిస్తే చెవి మరో దిక్కుకు తిరుగుతుంది.

మైకుల వరసదీ అదే లెక్క, కిలోమీటర్ల చోట సెంటీమీటర్లు. 2014లో వచ్చిన అమెజాన్ ఎకో స్పీకరులో అలాంటి మైకులు ఏడు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి, 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మైకుల మధ్య తేడా 0.3 మిల్లీసెకను మించదు.

గదిలోకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. పంచాయతీ ఆఫీసులో ఒక పెద్దాయన "సార్, రెండు నెల్లాయ పింఛను రాక" అంటున్నాడనుకోండి. ఆ మాట నేరుగా మైకుకు చేరుతుంది. సిమెంటు గోడకు తగిలి 3.4 మీటర్లు ఎక్కువ తిరిగి, 10 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ చేరుతుంది. యంత్రానికి గోడ వైపు ఇంకో పెద్దాయన ఉన్నట్టే.

ఐఐటీ మద్రాసులో ఉండగా, 2006లో హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీకి రాకముందు, బయ్యా యజ్ఞనారాయణ బృందం మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వారితో కలిసి దీనికి దారి వెతికింది. 2005లో ప్రచురించిన ఆ పని నాకు ఏడు మైకుల డబ్బా కన్నా గొప్పగా తోస్తుంది. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు వంద, రెండు వందల సార్లు టక్కున మూసుకుంటాయి. ఆ క్షణాల మధ్య ఎడం ఏ మైకులో చూసినా ఒకటే. గోడల ప్రతిధ్వనులు మాత్రం మైకుమైకుకూ ఒక్కో తీరుగా పడతాయి. అందుకే అల మొత్తాన్ని కాకుండా ఆ మూసుకునే క్షణాలను పోల్చి ఆలస్యం పట్టారు.

ఫ్యాను హోరు ఇంత సులువుగా లొంగదు. 100 హెర్ట్జ్ ధ్వని అల పొడవు 3.4 మీటర్లు, జానెడు మైకుల వరసకు దాని దిక్కు దాదాపు తెలియదు. మైకులకు కాస్త దూరంలో ఇద్దరు ఒకే దిక్కున వెనకా ముందూ కూర్చుని ఒకేసారి అందుకున్నా అంతే. ఇద్దరూ ఒకే బీమ్‌లో పడతారు, అక్కడ గొంతుల పోలికను బట్టి విడదీసే వేరే లెక్క కావాలి.