తీగలేని వల

దూరమును జయింపవలెనని మానవుడు ప్రాచీన కాలమునుండియు యత్నించుచునే యున్నాడు. నగారా మ్రోతలును, పావురముల రెక్కలును, టపా బంట్రోతుల పాదములును ఒకప్పుడు మన మాటను మోసికొని పోయినవి. పిమ్మట తీగ వచ్చినది. దాని వెంట తంతివార్తయు, టెలిఫోనును వచ్చినవి. నేడు పెక్కు ఇండ్లలో ఆ తీగ గడపవఱకే వచ్చి యాగిపోవుచున్నది. అచ్చటినుండి గదిగదికిని వార్తను మోయునది కంటి కగపడని తరంగము. లోకులు ‘వైఫై’ అని పిలుచు ఈ తీగలేని వల యెట్లు పనిచేయునో, దానిని నమ్మదగినదిగా నెట్లు నిలుపుకొనవలెనో తెలిసికొందము.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతటను పాఠశాలలు మూతపడినవి. తెలంగాణలో ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పబడినవి. ఎందఱో ఉపాధ్యాయులు అంతర్జాలముద్వారా తరగతులు నడపిరి. ఒకే యింట ముందుగదిలో కూర్చున్న అన్నకు పాఠము చక్కగా వినబడుటయు, వెనుకగదిలోని చెల్లెలికి ఉపాధ్యాయుని మాట ముక్కలు ముక్కలుగా చేరుటయు ఆ దినములలో పెక్కుచోట్ల జరిగినది. చెల్లెలి శ్రద్ధలో లోపము లేదు. లోపము వల యమరికలో నున్నది. కావున వల మంచిదా కాదా యని నిర్ణయించుటకు ముందుగదిలోని వేగమును చూచిన చాలదు. కట్టకడపటి గదిలోని నిలకడను చూడవలెను.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలెను. పొలమునకు నీరు రెండంచెలుగా వచ్చును. కాలువ దానిని ఊరివఱకు తెచ్చును. బోదె మడివఱకు తెచ్చును. కాలువ నిండుగ పాఱుచున్నను బోదె పూడియున్నచో మడి తడియదు. బోదె యెంత బాగున్నను కాలువ యెండినచో ప్రయోజనము లేదు. అట్లే బయటినుండి ఫైబరు తీగద్వారా వచ్చునది కాలువ. ఇంటిలో రౌటరు అను పెట్టె వెదజల్లు తరంగములు బోదెలు. పాఠము ఆగినప్పుడు ‘నెట్టు పోయినది’ అని యందుము గాని, చెడినది కాలువయో బోదెయో విచారింపము. విచారించు పద్ధతి సులభము. కంప్యూటరును తీగతో నేరుగా రౌటరునకు కలిపి చూడవలెను. అప్పుడును పని మందగించినచో దోషము సామాన్యముగా వెలుపల నుండును. సేవ నందించువారికి తెలుపవలెను. తీగతో చక్కగా నడచి, తీగ తీసినంతనే కుంటుపడినచో దోషము మన యింటి తరంగములలోనే యున్నది. దానిని మనమే దిద్దుకొనవచ్చును.

ఈ తరంగముల కథ 19వ శతాబ్దమున ఆరంభమైనది. విద్యుదయస్కాంత తరంగములు కలవని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన వ్యాసమున గణితముచే తేల్చి చెప్పెను. హైన్రిక్ హెర్ట్‌జ్ 1887, 1888 సంవత్సరములలో ప్రయోగములచే వాని ఉనికిని చూపెను. 1895 ప్రాంతమున మన దేశీయుడైన జగదీశచంద్ర బోసు కలకత్తా టౌన్‌హాలులో అట్టి తరంగములను గోడల కావలకు పంపి, దూరముననున్న గంటను మ్రోగించెను. గోడ మన చూపు నాపును గాని, తరంగమును పూర్తిగా నాపజాలదని ఆ ప్రయోగము చాటినది. నేటి మన యింటి వల ఆ గుణముపైననే యాధారపడియున్నది.

ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1997లో, ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ ఈ వలకు నియమావళిని ప్రకటించెను. ‘వైఫై’ యను పేరు 1999లో పుట్టినది. మన దేశమున 2005లో సెకనుకు సుమారు 240 కోట్ల కంపనములు గల తరంగశ్రేణిని, లైసెన్సు అక్కఱలేకుండ ఎల్లరును వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించెను. సెకనుకు 500 కోట్లకు పైబడిన కంపనములు గల శ్రేణికి 2018లో అట్టి అనుమతి విస్తరింపబడినది. మొదటిదానిని 2.4 శ్రేణి యనియు, రెండవదానిని 5 శ్రేణి యనియు వాడుదురు. మొదటి దాని తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండవ దానిది సుమారు 6 సెంటీమీటర్లు.

రౌటరు ప్రసరింపజేయు శక్తి మిక్కిలి స్వల్పము. సామాన్యముగా అది ఒక వాటులో పదవ వంతు. బయలున దూరము రెట్టింపైనచో అందు శక్తి నాలుగవ వంతగును. మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. బయలుదేరిన శక్తిలో పది కోట్లలో ఒక వంతు మాత్రమే చేరినను మన ఫోను దానిని చక్కగా గ్రహింపగలదు. ఇంత సున్నితమైన దానిని ఇంటిలోని ప్రతి వస్తువును కొంత బాధించుట సహజమే. పలుచని చెక్క తలుపు స్వల్పముగా నడ్డును. ఇటుక గోడ అంతకంటె హెచ్చుగ నడ్డును. దళసరి మట్టిగోడయు, ఇనుప చువ్వలు కట్టి పోసిన కాంక్రీటు శ్లాబును మఱింత హెచ్చుగ నడ్డును. ఇనుప బీరువా తరంగమును వెనుకకు త్రిప్పివేయును. నిలువుటద్దము వెనుకనున్న లోహపు పూతయు అట్లే చేయును. నీరు తరంగమును త్రాగివేయును. కావున నిండిన నీళ్ల తొట్టి చెంత రౌటరును పెట్టరాదు. తరంగము గోడను సూటిగా దాటినచో దాని మందమునే దాటును. ఏటవాలుగ దాటినచో అంతకంటె హెచ్చు దూరము గోడలోనే పయనింపవలసి వచ్చును.

ఈ సంగతులను బట్టి రౌటరునకు తగిన చోటు నిర్ణయింపవచ్చును. సాధారణముగా వీధివైపున తీగ లోనికి వచ్చిన చోటనే పెట్టెను బిగింతురు. అందువలన సగము తరంగములు వీధి పాలగును; వెనుకగది ఎండిపోవును. మన పెద్దలు దీపమును నట్టింట నుంచిరి. ఆ నియమమే దీనికిని వర్తించును. తీగను మఱికొంత పొడిగింపజేసి, పెట్టెను ఇంటి నడుమ, మనిషి తలకంటె నెత్తున, తెఱపి గల గూటిలో నుంచవలెను. బీరువాపై గాని, టెలివిజను వెనుక గాని, అటకపై సామానుల నడుమ గాని దాచరాదు. దుమ్ము పడునని గుడ్డ కప్పరాదు. లోపలి వేడి వెలికి పోవు దారి మూసికొనిపోయి, పెట్టె చెడును.

ఆంటెన్నాల విషయమును తెలిసికొనవలెను. నిలువుగా నున్న ఆంటెన్నానుండి తరంగములు అన్ని దిక్కులకును సమముగా పోవు. అవి గారె యాకారమున వ్యాపించును. గారె నడిమి చిల్లున పిండి లేనట్లు, ఆంటెన్నా కొనకు సరిగా పైనను క్రిందను బలము తక్కువ. కావున ఒకే అంతస్తు గల యింట ఆంటెన్నాలను నిలువుగ నుంచవలెను. మేడపై గదికి కూడ అందవలెనన్నచో ఒకదానిని అడ్డముగ వంచి చూడవచ్చును.

రెండు శ్రేణులకును గుణభేదము కలదు. 5 శ్రేణి వేగమైనది, కాని గోడలచే త్వరగా నలసిపోవును. 2.4 శ్రేణి మెల్లనిది, కాని దూరము పోగలదు. రౌటరున్న గదిలోను, పక్కగదిలోను మొదటిదానిని, దూరపు గదులలో రెండవదానిని వాడుట యుక్తము. మైక్రోవేవ్ పొయ్యి కూడ ఇంచుమించు 2.4 శ్రేణిలోనే పనిచేయును. అది నడచునప్పుడు వెలికి వచ్చు అతిస్వల్ప తరంగములైనను వలకు అంతరాయము కలిగించును. కావున వంటగది గోడకు చేర్చి రౌటరు నుంచరాదు.

ఇక పంపకము సంగతి. ఆకాశమొకటే, మాటలాడ గోరువారు పలువురు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము ద్వీపములలోని కంప్యూటరు కేంద్రములను రేడియో తరంగములచే కలిపినది. ఇద్దఱొకేసారి పలికినచో రెండు వార్తలును చెడును. అప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిని కొంతసేపు వేచియుండి మరల పలుకుదురు. ఆ పద్ధతి మెఱుగుపడి నేటి వైఫైలో నిలిచినది. ప్రతి పరికరమును ముందు చెవి యొగ్గి, నిశ్శబ్దముగా నున్నప్పుడే పలుకును.

2.4 శ్రేణిలో మన దేశమున 13 ఛానళ్లు కలవు. అవి ఒకదానిపై నొకటి పొరలుగా పడియుండుటచే 1, 6, 11 అను మూటిని మాత్రమే ఒండొంటి తాకిడి లేకుండ వాడవచ్చును. పొరుగువారు 1లోను, 6లోను ఉన్నారని మనము నడుమనున్న 3ను ఎన్నుకొనుట తెలివిగా తోచును గాని, అది యిరువురికిని చెఱుపు. ఒకే ఛానలులో నున్నవారు ఒకరి మాటనొకరు విని వంతు పాటింతురు. సగము సగము కలిసిన ఛానళ్లవారికి ఎదుటివాని పలుకు రొదగా మాత్రమే వినబడును. తిరునాళ్లలో ఇరుగుపొరుగు పందిళ్లలో రెండు హరికథలు జరుగునప్పుడు శ్రోతల గతి యెట్లుండునో వారి గతియు నట్లే యుండును.

ఇందొక ముఖ్యమైన రహస్యము కలదు. వీధి కుళాయి వద్ద బిందెలు వరుసగా నున్నవనుకొనుడు. ఒక సన్నమూతి బిందె నిండుటకు చాలసేపు పట్టినచో వెనుకనున్నవారందఱును నిలువవలెను. వలయందును అంతే. దూరపు గదిలో బలము చాలని ఫోను ఒక్కొక్క మాటను మెల్లగా, పలుమాఱులు పలుకును. అది పలుకునంతసేపును దగ్గరనున్నవారును వేచియుందురు. కావున వెనుకగదిలోని చెల్లెలికి మేలు చేసినచో ముందుగదిలోని అన్నకును మేలు చేసినట్లే.

అంత మాత్రమున మహాబలము గల రౌటరును కొనిన చాలునని తలపరాదు. పెట్టె గట్టిగా కేక వేసినను, చిన్న ఫోను అంత గట్టిగా బదులు పలుకలేదు. ఇల్లు పెద్దదైనచో రెండవ పెట్టెను నిలుపవలెను. తరంగమును విని మరల పలుకు రిపీటరును బలము నశించిన గదిలో నుంచినచో ఫలము లేదు. బలము ఇంకను బాగుగ నున్న నడిమి చోట నుంచవలెను. అయినను అది ప్రతి మాటను రెండుమాఱులు చెప్పుటచే, ఒకే ఛానలులో వేగము ఇంచుమించు సగమగును. అన్నిటికంటె నుత్తమమైనది, మొదటి పెట్టెనుండి రెండవ పెట్టెకు ఒక నెట్‌వర్కు తీగ వేయించుట. అట్టి తీగ 100 మీటర్లవఱకు నిరాటంకముగా పనిచేయును. కదలని టెలివిజనును, బల్లపై కంప్యూటరును తీగతోనే కలిపినచో, కదలు పరికరములకు ఆకాశము ఖాళీగా మిగులును. తీగలేని వలను బాగుచేయునది తీగయే యగుట వింత.

నిలకడకు కరెంటును అవసరమే. కరెంటు పోయినప్పుడు ఫైబరు తీగలో కాంతి వచ్చుచునే యుండవచ్చును; కాని దానిని గ్రహించు పెట్టె ఆరిపోవును. రౌటరు తినునది కొలది వాట్లు మాత్రమే. దానికి తగిన చిన్న బ్యాటరీ పెట్టె దొరకును. ఫైబరు పెట్టెయు రౌటరును వేఱువేఱుగా నున్నచో రెంటికిని ఆ యేర్పాటు చేయవలెను.

గోడలు దాటు తరంగము వీధిలోని వానికిని అందును. కావున వలకు తాళము వేయవలెను. డబ్ల్యు.ఇ.పి. అను తొలి తాళము బలహీనమని 2001 నాటికే శాస్త్రజ్ఞులు చూపిరి. 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో ప్రకటింపబడిన డబ్ల్యు.పి.ఎ.3 గాని వాడవలెను. పాస్‌వర్డు దీర్ఘముగా నుండవలెను. ఇంటి పేరును, ఫోను నంబరును పెట్టరాదు. రౌటరు అమరికలను మార్చుటకు తయారీదారు ఇచ్చిన తొలి పాస్‌వర్డును తప్పక మార్చవలెను. అతిథులకు వేఱు వలను తెఱచి యిచ్చు సౌకర్యమున్నచో దానినే వాడుట మేలు.

విద్యార్థులారా! ఒక సెలవు దినమున మీ యింటి పటమును కాగితముపై గీయుడు. వల లేనివారు మీ పాఠశాల పటమునో, మిత్రుని యింటి పటమునో గీయవచ్చును. గోడలను, బీరువాలను, నీళ్ల తొట్టిని గుర్తింపుడు. ఫోనుతో గదిగదికిని నడచి, ఎచ్చట మాట తెగుచున్నదో వ్రాయుడు. పిదప రౌటరును ఒక చోటినుండి వేఱొక చోటికి మార్చి మరల నడచి చూడుడు. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఫలమిచ్చినది యేదో తెలియదు. ఈ పరీక్షకు ధనముతో పని లేదు, ఓర్పు చాలును. కట్టకడపటి గదిలో కూర్చున్నవారికి పాఠము తెగక వినబడిన నాడు మీ యింటి వల నిజముగా కుదిరినదని యెంచుడు.