తేనెటీగ జన్యువులకు తూకపు రాయి ఏది?

గులాబీ ఆకుల అంచులు ఎవరో కత్తెరతో గుండ్రంగా కోసినట్టు కనిపిస్తే వెంటనే మందు కొట్టకండి. అది ఆకు కత్తిరించే తేనెటీగ పని. దీనికి పట్టు ఉండదు, రాణీ ఉండదు. సన్నని కన్నంలో ఆకు ముక్కలతో గది కట్టి, పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్లని చూడకుండానే పోతుంది. ప్రపంచంలోని సుమారు 20,000 తేనెటీగ జాతుల్లో ఎక్కువ ఇలాంటి ఒంటరివే.

వీటిలో ఒక జాతిని అమెరికా, కెనడా రైతులు అల్ఫాల్ఫా, అంటే మన లూసర్న్ గడ్డి, విత్తనాల కోసం పెంచుతారు. చలికాలమంతా కోల్డ్ స్టోరేజీలో ఉంచి, పూతకి ముందు సుమారు 30 డిగ్రీల గదిలో లేపుతారు. లేపాక వాతావరణం మళ్లీ చల్లబడితేనే చిక్కు. పూత ఆలస్యమవుతుంది, గదిలో ప్యూపాలు మాత్రం ఆగవు. ఆపాలని చలిలోనే ఉంచేస్తే చచ్చిపోతాయి. రోజుకు ఒక్క గంట 20 డిగ్రీల వెచ్చదనం తగిలితే చాలా ఎక్కువ బతుకుతాయని నార్త్ డకోటాలోని ఫార్గోలో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు చూశారు.

ఆ గంటలో లోపల ఏం జరుగుతోంది? ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలవాలి. కోవిడ్ రోజుల్లో మనందరికీ తెలిసిపోయిన ఆర్‌టీ-పీసీఆరే ఇక్కడా వాడతారు. జన్యువు పనిచేస్తే ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది, దాన్ని డీఎన్‌ఏగా మార్చి సైకిల్‌కి రెట్టింపు చేస్తూ లెక్కిస్తారు.

కానీ తిండి తప్ప మరో పని లేని లార్వానీ, ఒళ్లంతా కరిగించి మళ్లీ కట్టుకుంటున్న ప్యూపానీ ఎలా పోల్చాలి? అన్ని దశల్లోనూ ఒకేలా పనిచేసే జన్యువు ఒకటి తూకపు రాయిలా కావాలి. దానికి మామూలుగా ‘హౌస్‌కీపింగ్ జీన్స్’ని తీసుకుంటారు. ఇల్లు నడిపేవాళ్లు ఎప్పుడూ ఒకేలా ఉంటారని ఎవరనుకున్నారో గానీ! వాటిలో ఆక్టిన్ ఒకటి. అది కండరాల్లో ఉండే ప్రొటీన్. ప్యూపాలో రెక్కల కండరాలు తయారయ్యేటప్పుడు దాని పని కూడా పెరగొచ్చు. రాయి రెండు సైకిళ్లు జరిగితే చాలు, లెక్క నాలుగు రెట్లు తప్పుతుంది. వెచ్చదనం వల్ల వచ్చిందనుకున్న మార్పు వట్టి ఎదుగుదల కావచ్చు.

అందుకే ముందు కొన్ని జన్యువుల్ని ప్రతి దశలోనూ పరీక్షించి, నిలకడగా ఉన్న రెండు మూడింటిని కలిపి వాడతారు. అవి కూడా ఆ జాతికే నమ్మకం. ఆకు కత్తిరించేది చలికాలాన్ని ప్యూపా కాకముందే, గూటిలో నిద్రాణంగా గడుపుతుంది. పండ్లతోటల్లో పెంచే నీలి మేసన్ తేనెటీగ రెక్కలొచ్చేసిన ఈగగా గడుపుతుంది. దాని రాయి మళ్లీ వెతుక్కోవలసిందే.