లైవ్‌లో పది మందే ఉన్నారా? ఈ లెక్క చూడండి!

‘హాయ్‌ ఫ్రెండ్స్‌.. వాయిస్‌ క్లియర్‌గా వస్తోందా?’ లైవ్‌ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న ఇది. చిన్న ఛానెల్‌ అయితే ఒక్కోసారి జవాబు చెప్పే దిక్కు కూడా ఉండదు. తెర మూలన 3 అనో 7 అనో కనిపించే అంకె చూసి నీరసం వచ్చేస్తుంది. నెల తిరక్కుండానే కొందరు ఛానెల్‌ వదిలేస్తారు. ఇంకొందరు ‘లోపమంతా ఫోన్‌లోనే ఉంది’ అనుకుని ఈఎంఐల మీద గేమింగ్‌ పీసీ, కెమెరా కొనేస్తారు. రెండూ తొందరపాటే. బీజీఎంఐ ఆడినా, గ్రూప్‌-2 డౌట్లు చెప్పినా, మగ్గం వర్క్‌ నేర్పినా, ముందుగా ఆ చిన్న అంకె విలువ ఎంతో తెలుసుకోవాలి.

10 మంది.. 3,000 గంటలు

యూట్యూబ్‌లో ఆదాయానికి రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టుకి 500 మంది సబ్‌స్క్రైబర్లు, గత 90 రోజుల్లో 3 పబ్లిక్‌ వీడియోలు, గత ఏడాదిలో 3,000 వాచ్‌ అవర్స్‌ కావాలి. గంటలకు బదులు 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్‌ వ్యూస్‌ వచ్చినా సరే. ఇది ఎక్కితే సూపర్‌ చాట్‌, మెంబర్‌షిప్‌ లాంటివి తెరుచుకుంటాయి. ప్రకటనల ఆదాయం కావాలంటే రెండో మెట్టు ఎక్కాలి. దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటలు (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్‌ వ్యూస్‌) ఉండాలి.

3,000 గంటలు అనగానే కళ్లు తిరుగుతాయి కదా? వారానికి 3 లైవ్‌లు, ఒక్కోటి 2 గంటలు పెట్టారనుకోండి. సగటున 10 మంది చివరిదాకా చూస్తే వారానికి 60 గంటలు జమవుతాయి. 50 వారాలకు 3,000 గంటలు. అంటే ఏడాదిలోపే మొదటి మెట్టు గంటలు పూర్తి! లైవ్‌ అయ్యాక రికార్డింగ్‌ చూసేవాళ్ల సమయం దీనికి అదనం.

ఇప్పుడు ఇంకో లెక్క. ఒకరోజు 100 మంది వచ్చి రెండేసి నిమిషాలు చూసి వెళ్లిపోతే మీకు దక్కేది 3 గంటల 20 నిమిషాలే. అదే పది మంది రెండు గంటలు కూర్చుంటే 20 గంటలు. వచ్చి పోయే వందమంది కన్నా కూర్చునే పది మందే మీ ఆస్తి. అందుకే ‘నువ్వు నాకు సబ్‌స్క్రైబ్‌ చెయ్‌, నేను నీకు చేస్తా’ అనే బేరాలకు పోకండి. వాళ్లు ఒక్క నిమిషం కూడా చూడరు. పైగా అది యూట్యూబ్‌ నిబంధనలకు విరుద్ధం.

ఒక జాగ్రత్త: లైవ్‌ అయిపోగానే వీడియోను డిలీట్‌ చేసినా, ప్రైవేట్‌లో, అన్‌లిస్టెడ్‌లో పెట్టినా ఆ గంటలు లెక్కలోకి రావు.

టైమ్‌ తప్పొద్దు

సీరియల్‌ టైమ్‌ అయితే ఇంట్లో టీవీ దానంతటదే ఆన్‌ అవుతుంది కదా.. మీ లైవ్‌కీ అలాంటి అలవాటు పడాలి. సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి 9 గంటలు అనుకుంటే అదే ఖాయం చేసుకోండి. ఒకరోజు ముందే లైవ్‌ను షెడ్యూల్‌ చేసి లింకు వాట్సప్‌ గ్రూపుల్లో పెట్టండి. అమెరికాలోని తెలుగువాళ్లు కూడా చూసే విషయమైతే శనివారం ఉదయం 7 గంటలకు ఒకటి పెట్టి చూడండి. అక్కడి తూర్పు తీరంలో అప్పటికి శుక్రవారం రాత్రి 8.30 - 9.30 మధ్య ఉంటుంది.

ఎవరైనా కామెంట్‌ పెడితే పేరు పెట్టి పలకరించండి. నిన్న అడిగిన డౌట్‌ ఏమైందని ఇవాళ మీరే అడగండి. లక్షల మంది చూసే ఛానెల్‌లో దొరకనిది ఇదే. చాట్‌లో ఎవరూ లేకపోయినా మాట ఆపొద్దు. చేస్తున్న పనిని వివరిస్తూ ఉండండి. ఆ రికార్డింగే రేపు కొత్తవాళ్లు చూసేది. ప్రతి లైవ్‌ నుంచీ బాగా పండిన నిమిషాన్ని కత్తిరించి షార్ట్‌గా పెడితే, లైవ్‌ సంగతి తెలియనివాళ్లకీ మీరు కనిపిస్తారు.

కెమెరా కన్నా ముందు మైక్‌

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు కానీ, మాట గరగరమంటే క్షణం ఉండరు. కాబట్టి మొదటి ఖర్చు ఓ మామూలు కాలర్‌ మైక్‌ మీద పెట్టండి. ఫోన్‌ నుంచి లైవ్‌ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు, 16 ఏళ్ల వయసు ఉండాలి. కంప్యూటర్‌ నుంచైతే సబ్‌స్క్రైబర్ల షరతు లేదు. ఓబీఎస్‌ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌ ఉచితంగానే దొరుకుతుంది. లైవ్‌ ఆప్షన్‌ మొదటిసారి ఆన్‌ చేశాక పని చేయడానికి 24 గంటలు పట్టొచ్చు. కాబట్టి ముందురోజే చేసిపెట్టుకోండి.

720పీ క్వాలిటీకి సుమారు 4 ఎంబీపీఎస్‌ అప్‌లోడ్‌ వేగం కావాలి. అంటే గంటకు దాదాపు 1.8 జీబీ డేటా ఖర్చు. రోజుకి 2 జీబీ ప్యాక్‌ మీద రెండు గంటల లైవ్‌ నడవదు. వైఫై ఉందా లేదా ముందే చూసుకోండి. సినిమా పాటలు బ్యాక్‌గ్రౌండ్‌లో పెడితే కాపీరైట్‌ కారణంగా లైవ్‌ మధ్యలోనే ఆగిపోవచ్చు. యూట్యూబ్‌ ఆడియో లైబ్రరీలోని ఉచిత సంగీతం వాడుకోండి.

డబ్బులు ఎంతొస్తాయ్‌?

మెంబర్‌షిప్‌, సూపర్‌ చాట్‌ ఆదాయంలో పన్నులు, ఫీజులు పోను మిగిలిన దాంట్లో 70 శాతం మీది. ఉదాహరణకు 20 మంది నెలకు రూ.59 చొప్పున సభ్యులైతే మొత్తం రూ.1,180. మీ చేతికొచ్చేది రూ.826 దాటదు. వీడియోల మీద వచ్చే ప్రకటనల్లో మీ వాటా 55 శాతం. చిన్న ఛానెల్‌కి ఇవి పాకెట్‌ మనీ కిందే లెక్క.

అసలు సంపాదన మీ చేతిలోని పనిలో ఉంది. మగ్గం వర్క్‌ చూపించేవాళ్లకు బ్లౌజు ఆర్డర్లు రావొచ్చు. గ్రూప్‌-2 డౌట్లు చెప్పేవాళ్లు చిన్న బ్యాచ్‌ పెట్టుకోవచ్చు. చీరల లైవ్‌లో నాలుగు చీరలు అమ్మితే వచ్చే లాభం ఆ 20 మంది సభ్యత్వాన్ని దాటిపోవచ్చు. వీటికి 500 మంది సబ్‌స్క్రైబర్లు అయ్యేదాకా ఆగక్కర్లేదు. నమ్మే పది మంది చాలు.

ఆ ‘స్పాన్సర్‌’తో జాగ్రత్త

కాస్త పేరు రాగానే మెసేజ్‌లు మొదలవుతాయి. ‘మా యాప్‌ లింకు పెట్టండి, వారానికి ఇంతిస్తాం’ అని. చాలావరకు బెట్టింగ్‌ యాప్‌లే. 2025లో వచ్చిన ఆన్‌లైన్‌ గేమింగ్‌ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్‌ యాప్‌లకు ప్రచారం చేశారంటూ హైదరాబాద్‌లో పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్లపై పోలీసులు కేసులు పెట్టారు. పైగా ఆ లింకు నొక్కి నష్టపోయేది ఎవరో కాదు, రోజూ మీకు ‘గుడ్‌ ఈవినింగ్‌ అన్నా’ అని పెట్టే తమ్ముళ్లే. మంచి కంపెనీ ప్రకటనే తీసుకున్నా, అది డబ్బులు తీసుకుని చెబుతున్నదని స్పష్టంగా చెప్పాలి.

కాగితాలు సరిచూసుకోండి

యాడ్‌సెన్స్‌ ఖాతా సొంతంగా తెరవాలంటే 18 ఏళ్లు నిండాలి. ఆదాయం 10 డాలర్లు చేరాక చిరునామా నిర్ధారణకు పోస్టులో పిన్‌ పంపుతారు. ఇంటి నంబరు, పిన్‌కోడ్‌ తప్పుల్లేకుండా ఇవ్వండి. కనీసం 100 డాలర్లయ్యాకే బ్యాంకులో పడతాయి. అమెరికా పన్ను ఫారం కూడా నింపాలి. పాన్‌ నంబరుతో ఆ ఫారం ఇస్తే అమెరికా ప్రేక్షకుల నుంచి వచ్చిన ఆదాయంలోనే 15 శాతం కోస్తారు. ఇవ్వకపోతే మొత్తం ఆదాయంలో 24 శాతం వరకు పోవచ్చు. మన దగ్గర ఇన్‌కమ్‌ట్యాక్స్‌ రిటర్నులోనూ ఈ సంపాదన చూపించాలి.

చదువు, ఉద్యోగం మానేసి దిగాలా అంటే, ఇప్పుడే వద్దు. ఆరు నెలలు వారానికి ఆరు గంటలు మాత్రమే కేటాయించండి. నెలాఖరున యూట్యూబ్‌ స్టూడియోలో రెండే చూడండి: సగటున ఎంతమంది ఉన్నారు, వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు ఎందరు? ఈ రెండూ నెలనెలా పెరుగుతుంటే మరో రోజు కలపండి. పెరగకపోతే టైమో, టాపిక్కో మార్చండి. కెమెరా కొనాలనిపిస్తే మాత్రం, దాని డబ్బులు ఛానెలే సంపాదించాక కొనండి.